పేజ్‌మేకర్‌కు విండోస్ 7, మిగతా పనికి విండోస్ 10: ఒకే క్యాబినెట్‌లో రెండూ

చెన్నైలో, అందులోనూ ప్యారిస్ కార్నర్ వైపు ఆండర్సన్ వీధి శుభలేఖల షాపులకు తెలుగు డీటీపీ చేసేవాళ్లందరిదీ ఒకటే ఇబ్బంది. ఏళ్ల తరబడి పోగైన మ్యాటరంతా పేజీలు కూర్చే పాత అడోబీ ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7లో ఉంటుంది. అందులో వాడినవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఫాంటు, దాని కీబోర్డు ప్రోగ్రాము, దానితో వచ్చిన లాకు (కంప్యూటరుకు తగిలించి ఉంటేనే ప్రోగ్రామును నడవనిచ్చే చిన్న పరికరం), ఈ మూడూ కుదిరితేనే ఫైలు తెలుగులో కనిపిస్తుంది. లేకపోతే పెళ్లికూతురి పేరు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. పైగా 2023 జనవరి నుంచి అడోబీ తన కొత్త ప్రోగ్రాముల్లో టైప్ 1 అనే పాత రకం ఫాంట్లను ఆపేసింది. అంటే పాత ఫాంటు మన చేతిలో ఉన్నా కొత్త ఇన్‌డిజైన్ మెనూలో అది కనిపించదు. మరోపక్క కస్టమరు ఇప్పుడు మ్యాటరు పంపేది వాట్సాప్‌లో, యూనికోడ్ తెలుగులో. పాత సిస్టమ్ మీద దాన్ని తెరవడమే కష్టం. అందుకని రెండు ఓఎస్‌లూ కావాలి.

లాకు యూఎస్‌బీది అయితే ముందు విండోస్ 10లో వర్చువల్ మెషీన్ (ఒక విండోస్ లోపలే ఇంకో విండోస్‌ను నడిపే ప్రోగ్రాము) పెట్టి చూడండి, పని అయిపోతే ఇంత శ్రమ అక్కర్లేదు. నేను పెట్టిన సిస్టమ్‌లో ఉన్నది ప్రింటర్ పోర్టుకు తగిలించే 25 పిన్నుల పాత లాకు. దాన్ని వర్చువల్ మెషీన్ చేత గుర్తుపట్టించడం పెద్ద తలనొప్పి. దాని డ్రైవరు 32 బిట్‌ది మాత్రమే, 64 బిట్ విండోస్‌లో ఎక్కదు. కాబట్టి విండోస్ 7 32 బిట్ తప్పదు. మిగిలిన నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

చాలామంది ఒకే డిస్కును రెండు ముక్కలు చేసి, ముందు పాతది, తర్వాత కొత్తది ఎక్కిస్తారు. ఆ వరసకు కారణం ఉంది: పాత విండోస్ బూట్ మేనేజరుకు (ఆన్ చేయగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రాము) కొత్త విండోస్‌ను లేపడం రాదు, కొత్తదానికి పాతదాన్ని లేపడం వచ్చు. ఆ పద్ధతి నడుస్తుంది, కానీ పీటముళ్లు ఎక్కువ. విండోస్ 7 తనకోసం 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ చేసుకుంటుంది. తర్వాత వచ్చిన విండోస్ 10 కూడా బూట్ ఫైళ్లను అందులోనే పెడుతుంది. కొన్నాళ్లకు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అక్కడ చోటు చాలక, సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయామని చెప్పి ఆగిపోతుంది. ఇంకో చిక్కు: 32 బిట్ విండోస్ 7 పాత బయోస్ పద్ధతిలోనే, అంటే లెగసీలోనే బూట్ అవుతుంది. విండోస్ 10ని యూఈఎఫ్ఐలో, అంటే బయోస్ తర్వాత వచ్చిన కొత్త పద్ధతిలో, పెట్టుకోవడం మంచిది. ఈ రెండు పద్ధతుల మధ్య ఒక బూట్ మేనేజరు రెండోదాన్ని లేపలేదు.

అందుకే నా మాట ఒకటే: రెండు ఓఎస్‌లకు రెండు వేర్వేరు ఎస్‌ఎస్‌డీలు పెట్టండి. ఒకటి ఎక్కించేటప్పుడు రెండోదాని కేబుల్ పీకేసి ఉంచండి. ఒకదాని ఉనికి ఇంకొకదానికి తెలియకూడదు. ఏది కావాలో ఆన్ చేసినప్పుడు బయోస్ బూట్ మెనూలో ఎంచుకోవడమే. 120 జీబీ ఎస్‌ఎస్‌డీకి అయ్యే ఖర్చు, బూట్ పాడైన రోజు ఆగిపోయే పని ముందు లెక్కలోకి రాదు.

సామాను చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. విండోస్ 7 కోసం కొత్త మెషీన్ వెతకొద్దు. ఇంటెల్ 6వ తరంతో వచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్లలో పాత యూఎస్‌బీ 2 కంట్రోలరు తీసేశారు. అక్కడ విండోస్ 7 సెటప్ తెరుచుకుంటుంది గానీ యూఎస్‌బీ కీబోర్డు, మౌసు రెండూ చచ్చిపోయి ఉంటాయి. డ్రైవర్లను ముందే ఇన్‌స్టాలర్‌లో కలపాలి. 4వ తరం ప్రాసెసరు, హెచ్81 బోర్డు అయితే ఈ గొడవ లేదు. నేను తీసుకున్నది 4వ తరం ఐ5, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్. చిప్‌సెట్ డిస్కులు తగిలించే నాలుగు సాటా పోర్టులిస్తుంది: రెండు 6 గిగాబిట్‌వి, రెండు 3 గిగాబిట్‌వి. మొదటి రెండింటికి ఎస్‌ఎస్‌డీలు, మిగతావాటికి 1 టీబీ డేటా హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవు. సరిగ్గా సరిపోతుంది.

బోర్డు కొనేముందు కింది అంచు దగ్గర ఎల్‌పీటీ (ప్రింటర్ పోర్టు) అని రాసి ఉన్న పిన్నుల వరస ఉందో లేదో చూడండి. రెండు వరసల్లో 13 చొప్పున 26 స్థానాలుంటాయి, వాటిలో ఒక మూల పిన్ను ఉండదు. దానికి తగిలించే బ్రాకెట్ కేబుల్ విడిగా అమ్ముతారు, ఆ కేబుల్ కనెక్టర్‌లోనూ అదే మూల రంధ్రం మూసి ఉంటుంది. రెండు మూలలూ కలిపి నొక్కాలి. ఇది లేని బోర్డు తీసుకుని పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రింటర్ పోర్టు కార్డు వేసుకుందామంటే ఎదురుదెబ్బే. కార్డుకు దొరికే అడ్రసు వేరు, పాత లాకు వెతికేది 378లోనే. ప్రింటరు బాగానే పనిచేస్తుంది, లాకు మాత్రం కనిపించదు. బోర్డు మీది పోర్టుకు బయోస్‌లో 378, ఐఆర్‌క్యూ 7 అని పెట్టుకోవచ్చు.

ఇంకో మూడు చిన్న వస్తువులు తెచ్చుకోండి. సాటా డేటా కేబుళ్లు, కొత్త సీఆర్2032 బ్యాటరీ, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై) నుంచి కరెంటు చాలకపోతే సాటా పవర్ స్ప్లిట్టరు. పాత నాలుగు పిన్నుల ప్లగ్ నుంచి సాటాకు మార్చే చవక కేబుళ్లలో ప్లాస్టిక్ పోతపోసి వైర్లను మూసేసిన రకం ఉంటుంది, అది కొనకండి. లోపల వైర్లు కలిసి కాలిపోవడం వాటికి మామూలే. వైరు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తూ మూత పెట్టి నొక్కిన రకమే మేలు. ఇక బ్యాటరీ సంగతి: అది అయిపోతే బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతాయి. సాటా మోడ్ (బోర్డు డిస్కులతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి పాత ఐడీఈకి మారితే మర్నాడు పొద్దున విండోస్ 7 నీలం తెర మీద 7బీ అని చూపించి ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని కంగారు పడేవాళ్లే ఎక్కువ. బయోస్‌లో మళ్లీ ఏహెచ్‌సీఐ పెట్టి, బ్యాటరీ మారిస్తే చాలు.

ఏదీ ఎక్కించకముందే పాత హార్డ్ డిస్కును పూర్తిగా ఇమేజ్ తీసి, డిస్కును పెట్టెలో దాచాను. డిస్కు నకలు తీసే ఉచిత ప్రోగ్రాము క్లోనెజిల్లా చాలు దీనికి. పాత డిస్కును ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసి, రెండూ కలిపి ఒకే మెషీన్‌కు తగిలించడం మాత్రం వద్దు. రెండింటికీ ఒకే డిస్క్ సిగ్నేచర్ ఉంటుంది కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. దాన్ని ఆన్‌లైన్ చేయగానే సిగ్నేచర్ మార్చేస్తుంది, ఆ తర్వాత ఆ డిస్కు నుంచి బూట్ కాదు. ఫాంట్ల ఫోల్డరును మాత్రం ఇమేజ్‌తో పాటు విడిగా కూడా కాపీ చేసుకోండి. పాత తెలుగు ఫాంటు ఒక్కటి పోయినా ఆ కాలం శుభలేఖలన్నీ పోయినట్టే.

ఇప్పుడు బయోస్. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ, సెక్యూర్ బూట్ ఆఫ్, సీఎస్‌ఎం (లెగసీ బూట్‌కు వీలిచ్చేది) ఆన్, బూట్ మోడ్ లెగసీ, యూఈఎఫ్ఐ రెండూ. ఎక్స్‌హెచ్‌సీఐ అని యూఎస్‌బీ 3కు సంబంధించిన వరస కనిపిస్తే ఆటోలో ఉంచండి. ఈ సెట్టింగులు ఓఎస్ ఎక్కించకముందే పెట్టుకోవాలి, ముఖ్యంగా ఏహెచ్‌సీఐ.

విండోస్ 7 కోసం 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించాను. పెన్‌డ్రైవ్ వాడితే దాన్ని బూట్ అయ్యేలా చేసే రూఫస్ ప్రోగ్రాములో ఎంబీఆర్, బయోస్ పద్ధతి ఎంచుకుని చేయాలి. సర్వీస్ ప్యాక్ 1 కలిసి ఉన్న ఐఎస్‌ఓ తీసుకోవాలి. ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. సెటప్ మొదలైన కాసేపటికి, సీడీ లేదా డీవీడీ డ్రైవు డ్రైవరు లేదని, దాన్ని ఇవ్వమని అడుగుతుంది. డీవీడీ వాడనివాళ్లకూ ఇదే మెసేజు. నిజానికి పెన్‌డ్రైవ్ నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో ఉంది, విండోస్ 7 సెటప్‌కు ఆ పోర్టు తెలియదు, అంతే. క్యాన్సిల్ కొట్టి, పెన్‌డ్రైవ్‌ను నల్ల పోర్టులోకి మార్చి, ఇన్‌స్టాల్ నౌ మళ్లీ నొక్కితే ముందుకు పోతుంది.

డిస్కు ఎంచుకునే తెర వచ్చాక షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. అక్కడ డిస్క్‌పార్ట్ నడిపి, ముందు లిస్ట్ డిస్క్ అని కొట్టి సైజు చూసుకోవాలి. తర్వాత వరసగా సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్, కన్వర్ట్ ఎంబీఆర్, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ, ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎన్‌టీఎఫ్ఎస్ క్విక్, యాక్టివ్. క్లీన్ కొట్టాక అందులో ఉన్నదేదీ మిగలదు. మిగతా డిస్కుల కేబుళ్లు పీకి ఉంచడానికి ఇది ఇంకో కారణం. ఇలా ముందే ఒకే యాక్టివ్ పార్టిషన్ చేసి అందులో ఎక్కిస్తే విండోస్ 7 ఆ 100 ఎంబీ ముక్క చేసుకోదు, బూట్ ఫైళ్లూ సీ డ్రైవులోనే ఉంటాయి. రేపు ఇమేజ్ తీసినా, వేరే డిస్కుకు మార్చినా ఒక్క పార్టిషన్‌తో పని అయిపోతుంది.

విండోస్ లేచాక ముందు చిప్‌సెట్ డ్రైవరు, తర్వాత గ్రాఫిక్స్, ఆపైన యూఎస్‌బీ 3. అప్‌డేట్ల కోసం విండోస్ అప్‌డేట్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. 32 బిట్ ఫైళ్లు విండోస్ 10 ఉన్న వేరే మెషీన్‌లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే మేలు. వరస ఇది: కేబీ3020369, దాని మీద కేబీ3125574, ఆ తర్వాత కేబీ4490628, చివర కేబీ4474419. రెండోది 2016 ఏప్రిల్ వరకు వచ్చిన అప్‌డేట్లన్నీ దాదాపుగా కలిపిన మూట, మొదటిది లేకపోతే అది ఎక్కదు. చివరి రెండూ షా-2 సంతకాలను (ఫైలు అసలైనదేనని చెప్పే డిజిటల్ ముద్రలు) గుర్తించడానికి. ఇవి లేకపోతే ఆ తర్వాత ప్యాక్ చేసిన డ్రైవర్లు, ఇన్‌స్టాలర్లు సంతకం సరిపోలలేదని మొరాయిస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉన్నా మూడున్నర జీబీ లోపే వాడకానికి చూపిస్తుంది. 32 బిట్ లెక్క అది, పేజ్‌మేకర్‌కు అంత కూడా అక్కర్లేదు.

ఆ తర్వాత లాకు డ్రైవరు, కీబోర్డు ప్రోగ్రాము, ఫాంట్లు, పేజ్‌మేకర్. యూఎస్‌బీ లాకు ఉన్నవాళ్లు డ్రైవరు వేసి, రీస్టార్ట్ చేశాకే లాకు గుచ్చాలి. ముందే గుచ్చితే విండోస్ దాన్ని గుర్తుతెలియని పరికరంగా రాసేసుకుంటుంది, డివైస్ మేనేజర్‌లో దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి.

విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. యాక్టివేషన్ పూర్తయిన వెంటనే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డును డిసేబుల్ చేయండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. పక్క షాపు అన్న వచ్చి ఒక్క మెయిల్ చూసుకుంటానన్నా విండోస్ 10లోనే చూసుకోమనండి. పెన్‌డ్రైవ్‌లు కూడా ముందు విండోస్ 10లో స్కాన్ అయ్యాకే ఇటు రావాలి.

విండోస్ 10 ఎక్కించడం తేలిక. మెషీన్ ఆపి, విండోస్ 7 ఎస్‌ఎస్‌డీ కేబుల్ పీకి, రెండో ఎస్‌ఎస్‌డీ తగిలించాలి. నేను వేసింది 480 జీబీ. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు: ఉత్త పేరుతో ఒకటి, ముందు యూఈఎఫ్ఐ అని చేర్చి ఇంకొకటి. రెండోదే ఎంచుకోవాలి. ఖాళీ డిస్కు మీద పొరపాటున మొదటిది ఎంచుకున్నా సెటప్ ఏమీ అనదు, చడీచప్పుడు లేకుండా లెగసీలో ఎక్కేస్తుంది. సరిగ్గా ఎక్కిందో లేదో తెలియాలంటే రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టి, బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ అని ఉందో లేదో చూడండి. డిస్కు తెరలో ఖాళీ చోటు మీద క్లిక్ చేసి నెక్స్ట్ కొట్టడమే, పార్టిషన్లు అదే చేసుకుంటుంది.

ఇప్పుడు కేబుళ్లన్నీ తగిలించి, బయోస్‌లో మొదటి బూట్‌గా విండోస్ బూట్ మేనేజర్ పెట్టాలి. మామూలుగా ఆన్ చేస్తే విండోస్ 10 వస్తుంది. పేజ్‌మేకర్ కావాలంటే ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కి చిన్న ఎస్‌ఎస్‌డీ పేరు ఎంచుకోవాలి. బోర్డును బట్టి ఆ మీట ఎఫ్8, ఎఫ్11 లేదా ఎఫ్12. షాపులో ఇంకొకరు కూడా కూర్చుంటారు కాబట్టి మానిటర్ అంచున చీటీ అంటించాం.

రెండూ లేస్తున్నాయి కదా అని ఇక్కడితో వదిలేస్తే డేటా డిస్కు పాడవుతుంది. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. షట్ డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది, డిస్కుల్ని విడిచిపెట్టదు. విండోస్ 8 నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ లాగ్ ఫైలు (డిస్కు మీద జరిగే మార్పుల పద్దు) వెర్షన్ 2.0. డిస్కును సరిగ్గా విడిచేటప్పుడు దాన్ని 1.1కి దించి వెళ్తుంది, విండోస్ 7కు తెలిసింది ఆ 1.1 ఒక్కటే. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే ఆ దించడం జరగదు. అప్పుడు విండోస్ 7 లేచినప్పుడల్లా చెక్ డిస్క్ నడుస్తుంది, నిన్న సేవ్ చేసిన ఫైలు ఇవాళ పాతగా కనిపిస్తుంది లేదా అసలు ఉండదు. హార్డ్ డిస్కు పోతోందనుకుని కొత్తది కొంటారు, దానికీ అదే గతి. విండోస్ 10లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ అని ఒక్క లైను కొడితే చాలు, హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి. పెద్ద అప్‌డేట్ వచ్చాక అది ఆఫ్‌లోనే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

డేటా డిస్కుకు రెండింటిలోనూ ఒకే అక్షరం ఇవ్వాలి. మా దగ్గర ఎం డ్రైవు. పేజ్‌మేకర్ ఫైలులో పెట్టిన బొమ్మల దారి మొత్తం రాసి ఉంటుంది, అక్షరం మారితే వినాయకుడి బొమ్మ నుంచి లోగో దాకా అన్నీ వెతికి మళ్లీ కలపాలి. పనిని డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో దాచొద్దు. ఒక విండోస్‌లోని యూజరు రెండోదానికి పరాయివాడు, ఫోల్డర్ తెరవబోతే పర్మిషన్ లేదంటుంది. ఎం డ్రైవు సెక్యూరిటీలో ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇస్తే ఆ బాధ లేదు.

ఫైలు పేర్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. విండోస్ 10లో ఫోల్డరుకు ముచ్చటగా తెలుగులో పేరు పెడతాం. విండోస్ 7 ఎక్స్‌ప్లోరర్‌లోనూ అది చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌లో ఓపెన్ కొట్టి చూస్తే ఆ పేరు చోట వరసగా ప్రశ్నార్థకాలు, ఫైలు తెరుచుకోదు. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలియని ప్రోగ్రాము. అందుకే పేజ్‌మేకర్ తాకే ఫోల్డర్లకు, బొమ్మలకు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, వాట్సాప్ నుంచి దింపిన ఫొటోలతో సహా.

యూనికోడ్ తెలుగులోనూ ఒక తేడా వస్తుంది. విండోస్ 7లో తెలుగుకు గౌతమి, వాణి ఫాంట్లుంటాయి. నిర్మల యూఐ వచ్చింది విండోస్ 8తో. విండోస్ 10లో నిర్మలతో చేసిన వర్డ్ ఫైలును విండోస్ 7లో తెరిస్తే ఫాంటు మారిపోయి లైన్లు జరుగుతాయి, ముహూర్తం లైను రెండో పేజీకి పోతుంది. అటూ ఇటూ తిప్పాల్సినది పీడీఎఫ్ మాత్రమే. పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ తీసి డిస్టిల్లర్‌లో పీడీఎఫ్ చేశాక, రీడర్‌లో కంట్రోల్, డి నొక్కి ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి తెలుగు ఫాంటు పక్కన ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉంటేనే ప్రెస్సుకు పంపాలి.

గడియారం గొడవ ఈ జంటకు లేదు, రెండు విండోస్‌లూ బోర్డు గడియారాన్ని స్థానిక సమయంగానే చదువుతాయి. విండోస్ పక్కన లినక్స్ పెట్టేవాళ్లకు మాత్రం ఐదున్నర గంటల తేడా వస్తుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అంటే సరిపోతుంది.

అన్నీ కుదిరి, ఒక పాత శుభలేఖ తెరిచి, ప్రింటు తీసి చూశాకే విండోస్ 7 ఎస్‌ఎస్‌డీని క్లోనెజిల్లాతో ఇమేజ్ తీశాను. ఆ ఇమేజ్ ఎం డ్రైవులో ఒకటి, షాపు బయట ఇంకొకటి. ఈ సిస్టమ్‌లో ఇక మారేదేమీ ఉండదు కాబట్టి ఆ ఒక్క ఇమేజే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇళ్లలో వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఇచ్చింది 2026 అక్టోబరు 13 దాకా. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్‌లో 8వ తరం, టీపీఎం 2.0 (భద్రతా చిప్పు) కావాలి. ఈ బోర్డు మీద దాన్ని బలవంతంగా ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి గానీ పని జరగాల్సిన మెషీన్‌లో నేను చేయను. విండోస్ 10 గడువు తీరాక ఆ ఎస్‌ఎస్‌డీని తీసేసి, కొత్త పనిని విండోస్ 11 ఉన్న వేరే మెషీన్‌కు మార్చుకోవచ్చు, లేదా అదే ఎస్‌ఎస్‌డీలో లినక్స్ మింట్ వేసుకోవచ్చు. అప్పుడు కూడా విండోస్ 7 ఎస్‌ఎస్‌డీ కేబుల్ పీకి పక్కన పెట్టాకే మొదలుపెట్టండి.